అమెరికా రాని ఫోను

ఆ ఆదివారం ధర్మవరంలో రంగప్ప ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: గుంత మగ్గంలో కాళ్ళు దించుకుని రంగప్ప, వంటింట్లో బజ్జీలకు మిరపకాయలు చీలుస్తూ ఆయన భార్య సరస్వతమ్మ, రాట్నం దగ్గర ఆయన తల్లి ఆదిలక్ష్మమ్మ, లోపలి గదిలో మంచం మీద రంగప్ప కూతురు సాయిసుధ, ఆమె పక్కన పెనుకొండ నుంచి పొద్దున రైలుకు వచ్చిన స్నేహితురాలు ఎస్తేరు. హిందూపురంలో తన మేడ మీద కూర్చుని వీడియో కాల్‌లో మొహం చూపిస్తున్న అశోక్‌ను కూడా లెక్కేస్తే ఆరుగురు. సరస్వతమ్మ అట్లాగే లెక్కేసి, ఫోనులోవాడు తినడు కాబట్టి ఒకటి తీసేసి, ఐదు పళ్ళాల్లో బొరుగుల ఉగ్గాని పెట్టింది. పళ్ళాలు తెచ్చి ఇస్తూ, గది గడప మీద ముడుచుకుని కూర్చున్న అమృతను చూసి నాలుక కరుచుకుంది.

"అయ్యో, నువ్వొకదానివి ఉండావు కదమ్మీ! ఉండు, తెస్తా."

"పర్లేదు పెద్దమ్మా," అంది అమృత. ఆ మాట ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు.

అమృత సరస్వతమ్మ చెల్లెలి కూతురు. వాళ్ళది సోమందేపల్లి దగ్గర పల్లె. ఇంటర్ మొదటి సంవత్సరం. దసరా సెలవులకు వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఆదిలక్ష్మమ్మ అవ్వ పక్కన కూర్చుని నేతకు పట్టు కండెలు చుడుతోంది. కానీ ఆమె వచ్చింది కండెల కోసం కాదు. సాయిసుధ అక్క గదిలో కూర్చోవడం కోసం. ఆ గది గోడ నిండా ఐదుగురు కొరియా అమ్మాయిల బొమ్మలు. ఐదుగురూ కలిసి పాడుతారు, ఆడుతారు. సాయిసుధ, ఎస్తేరు, అశోక్ వాళ్ళను పేరు పెట్టి పిలవరు, 'మనోళ్ళు' అంటారు. మొన్న శుక్రవారం మనోళ్ళ కొత్త పాట వచ్చింది. ఇప్పుడు జరుగుతున్న గొడవంతా ఆ పాట గురించే.

ఒక్కో దేశానికీ వారం వారం ఒక చార్టు ఉంటుంది. ఆ వారంలో ఆ దేశం జనం ఎక్కువగా విన్న పాటల వరుస అది. మనోళ్ళ పాటను ఏ దేశం చార్టులో ఎక్కించడానికి పాటుపడాలన్నది తేలాలి.

"ఇంగ మాట్లాడేదేముంది? అమెరికా చార్టే," అంది సాయిసుధ. "ఆడ వస్తేనే లోకమంతా తిరిగి చూస్తాది. తక్కినవన్నీ ఆటలో అరటిపండు."

"అమెరికావాళ్ళు కన్నారా వాళ్ళను?" ఎస్తేరు మిరపకాయ బజ్జీ తొడిమ పక్కన పెట్టి అంది. "కొరియావాళ్ళు కన్నారు. ఇంట్లోవాళ్ళు వినకుండా వీధిలోవాళ్ళు చప్పట్లు కొడితే ఏమొస్తాది? మా అమ్మ వంటచేసే కార్ల కంపెనీ గెస్ట్‌హౌస్‌లో కొరియా మేడమ్ చెప్పింది. వాళ్ళ ఊర్లో అంగళ్ళలో కూడా చార్టు పాటలే పెడతారంట."

"ఆయమ్మతో నువ్వు ఏ భాషలో మాట్లాడితివే?"

"నమస్కారం వాళ్ళ భాషలోనే పెడతా. మిగతాదంతా చేతుల్తో."

"చేతుల్తో చార్టు చెప్పిందంటబ్బా!" ఫోనులోంచి అశోక్ పడీపడీ నవ్వాడు. "మీరిద్దరూ వినేదాన్ని లెక్కేస్తాండారు. వినేదానికేముంది, పనిలేనోడు ఎవడైనా వింటాడు. జపాన్‌లో చూడండి, దుడ్లు పెట్టి డిస్కులు కొంటారు. దుడ్లు పెట్టినోడిది కదా నిజమైన ఇష్టం?"

"నువ్వు ఒక్క డిస్కు కొన్నావా రా?"

"నాకు జపాన్‌లో ఇల్లుంటే కొందును."

మగ్గం చప్పుడు ఆగింది. "ఏమప్పా," అన్నాడు రంగప్ప ఇటు తిరక్కుండానే, "ఆ మూడు దేశాల తగాదా తేలిందా, నేనొచ్చి పంచాయితీ చెయ్యల్నా?"

"నువ్వు నెయ్యి నాయనా!" అని అరిచింది సాయిసుధ. మగ్గం మళ్ళీ అందుకుంది.

ఆ సందులో అమృత నోరు తెరిచింది. అడగాలని అప్పటికే చాలాసేపటి నుంచి మాట కూడదీసుకుంటోంది. "మన దేశానిది... ఉండాదా అక్కా, చార్టు?"

ముగ్గురూ ఒక్క క్షణం ఆమె వైపు చూసి, ఒక్కసారిగా నవ్వారు.

"ఉండాదిలే," అంది సాయిసుధ, నవ్వు ఆపుకుని. "దాన్ని ఎవురు చూస్తారమ్మీ? మనం ఎంతమందిమి విన్నా లెక్కలోకి రాదు. మనం వినేది అగ్గువ."

చివరికి సాయిసుధ మాటే నెగ్గింది. ఆ అభిమానుల గుంపుకు ఆమే పెద్ద కాబట్టి నెగ్గింది. ఫోనులో ఒక యాప్ వేసుకుంటే ఆ ఫోను అమెరికాలో ఉన్నట్టు కనబడుతుంది. పాట మోగేది ధర్మవరంలోనే అయినా, విన్నవాళ్ళు అమెరికావాళ్ళు అని లెక్కకొస్తుంది. మూడు ఊళ్ళలో, వాటి చుట్టుపక్కల ఉన్న గుంపువాళ్ళంతా అట్లాగే చెయ్యాలి. పాట సగంలో ఆపకూడదు. శబ్దం పూర్తిగా తగ్గించకూడదు. మధ్యమధ్యలో వేరే పాట పెట్టాలి, లేకపోతే మనిషి కాదు యంత్రం వింటోందని కంప్యూటర్ కొట్టేస్తుంది. వచ్చే నెల బెంగళూరులో అభిమానుల సభ ఉంది. అక్కడ కట్టే బ్యానరు మీద కష్టపడినవాళ్ళ పేర్లు అచ్చువేస్తారు. దాన్ని ఫొటో తీసి మనోళ్ళకు పంపిస్తారు.

"మనోళ్ళు చూస్తారా పేర్లు?" అని అడిగింది అమృత. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"చూడకుండా ఎట్లుంటారు?" సాయిసుధ బీరువా అడుగునుంచి తన పాత ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది. అద్దం పగిలింది. స్పీకరులో జీర ఉంది, పాట ఏదైనా డబ్బాలో కందిరీగ దూరినట్టు మోగుతుంది. "నువ్వూ పాట ఆడిస్తా ఉండు. బ్యానరు మీద నీ పేరు కూడా ఏపిస్తాలే."

ఎస్తేరు ఆ ఫోను తీసుకుని యాప్ వెయ్యబోయింది. తిప్పలు పడింది. ఆపి మళ్ళీ వెలిగించింది. చివరికి తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేసింది.

"ముసలిదైపోయిందే ఇది. దీంట్లో అమెరికా రాదు."

"రాకుంటే పోనీ, ఊరికే ఆడించనీ," అంది సాయిసుధ.

అమృతకు పేరు ఏపిస్తానన్న మాట ఒక్కటే చెవిలో నిలిచింది. అచ్చులో తన పేరు ఆమె చూసుకున్నది పదో తరగతి హాల్‌టికెట్టు మీద మాత్రమే.

*

మరుసటి రోజు నుంచి రాట్నం పక్కన ఆ ఫోను కూడా పనిలో చేరింది.

ఎడమచేత్తో పట్టుపోగు పట్టుకుని కుడిచేత్తో చక్రం తిప్పుతుంటే కండె మీద ఎర్రటి పట్టు పొర మీద పొరగా ఎక్కుతుంది. పోగును మరీ లాగితే తెగుతుంది, వదిలేస్తే కండె బుడిపెలు కట్టి, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో ఇరుక్కుంటుంది. ఆ ఒడుపు అమృత వేళ్ళకు పట్టుబడింది. పాట మొదలైనప్పుడు ఖాళీ కండె ఎక్కిస్తే పాట అయ్యేసరికి అది నిండుతుంది. దించుతుంది, తట్టలో వేస్తుంది, మధ్యలో వేరే పాట పెడుతుంది, మళ్ళీ మనోళ్ళ పాట.

వేరే పాట ఏది పెట్టాలో మొదటిరోజు తోచక అవ్వను అడిగింది.

"రాములోరి కీర్తన పెట్టు," అంది ఆదిలక్ష్మమ్మ. ఇక ఆ రోజు నుంచి కొరియా పాట ఒకటి, కీర్తన ఒకటి. అవ్వ రెంటికీ ఒకే తీరున తల ఊపేది.

"ఈ బొమ్మపిల్లలు ఏమంటాండారే?"

"తెలీదవ్వా."

"తెలీకుండానే ఇన్నితూర్లు వింటాండావా?"

"నీకు రాట్నం ఏమంటాదో తెలుసా?"

అవ్వ బోసినోటితో కిసుక్కున నవ్వింది. "గడుసుదానివే నువ్వు. నలుగుర్లో నోరు పెగలదు గానీ."

సాయిసుధకు కూడా కాలేజీ సెలవులే కాబట్టి ఇంట్లోనే ఉండేది. గదిలో తన కొత్త ఫోనులో అమెరికా, తల్లి ఫోనులో అమెరికా. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు రాట్నం పక్కన నిలబడి, "ఆడతాండాదా?" అని అడిగేది. అమృత తలూపేది. ఇంకేమైనా అంటుందేమోనని చూసేది. సాయిసుధ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయేది. ఒకరోజు గది నిండా నవ్వులు వినబడుతుంటే అమృత కండెల తట్ట పక్కన పెట్టి గడప దాకా పోయింది. గుంపు కాల్ నడుస్తోంది. అమెరికా వాళ్ళం మాత్రమే మాట్లాడుకోవాలి, నువ్వు మళ్ళీ రా అమ్మీ, అంది సాయిసుధ ఫోనుమీదినుంచి చూపు తిప్పకుండా. ఆ అమెరికా వాళ్ళలో ఒకతె బుక్కపట్నంలో, ఒకతె లేపాక్షిలో ఉందని అమృతకు తెలుసు. వెనక్కి వచ్చి చక్రం తిప్పబోతే పోగు తెగింది. ముడి వేసింది. మళ్ళీ తెగింది.

"నిదానమే," అంది అవ్వ. "దానిమీద కోపమెందుకు?"

*

గురువారం రంగప్ప నేత పూర్తయిన చీరను మగ్గం మీంచి కోశాడు. ముదురు ఎరుపు, పక్కకు తిప్పితే నీలం మెరిసే చీర. జానెడు అంచులో జరీ మామిడిపిందెలు. ఆయన దాన్ని తెల్లగుడ్డ మీద పరిచి, వంగి, కనబడని నలకలు చేత్తో దులిపాడు. తర్వాత సరస్వతమ్మ ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకుని మడిచారు. మడిచేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకోరు. ఒకరి చేయి కదిలితే రెండోవారి చేయి తానే కదులుతుంది.

సాయంత్రం మారప్ప వచ్చాడు. రంగప్పకు పట్టు, జరీ ఇచ్చేది, నేసిన చీర తీసుకుపోయి బెంగళూరు అంగళ్ళకు వేసేది ఆయనే. బండి గోడకు ఆనించి, చెప్పులు విడిచి, చీర మడత ఒకటి విప్పి వెలుతురుకు పట్టి చూసి, "చేతి పనితనం తగ్గలేదన్నా నీకు," అన్నాడు.

గదిలోంచి సాయిసుధ వచ్చి వాకిట్లో నిలబడింది.

"మామా, ఈ చీరకు ఏ ఊరి పేరు పెడతారు?"

మారప్ప నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. "ఏమి పాపా అట్ల అడగతాండావు?"

"పోయిన నెల చుట్టాల పెళ్ళి బట్టలకని బెంగళూరు పోయింటిమి. పెద్ద అంగట్లో మా నాయన చీర చూస్తి. ఇదే మామిడిపిందె, ఇదే అంచు. కొంగులో మా నాయన వేసే మూడు గీతలు కూడా ఉండాయి. దానికి ఇంకో ఊరి చీటీ కుట్టినారు. ఇది ఆ ఊరి పట్టు అని ఆ అంగడమ్మాయి నాకే చెప్తాంది."

"అంగడోళ్ళు కుడతారు పాపా. నేను కుట్టల్యా."

"నీకు తెలుసు కదా?"

"తెలుసు. వచ్చినోళ్ళు ఆ ఊరి పేరే అడుగుతారంట. మన ఊరి పేరు చెప్తే అటూ ఇటూ చూస్తారంట. చీర మంచిదే, ఎవురు కాదన్యారు? పేరు ఒకటి మారిస్తే పని జరుగుతాదంటే మార్చేదానికేం? ఎవురికి నష్టం?"

"మా నాయనకు!" సాయిసుధ గొంతు చీలింది. "నడుము విరగ్గొట్టుకుని నేసేది ఈడ. ఆ గుంతలో. పేరు వాళ్ళదా? మేము లేనట్టేనా ఇంగ?"

"సుధా," అన్నాడు రంగప్ప. "పోనీలేమ్మా. మగ్గం ఆడతాండాది కదా."

"నువ్వు పోనీలే పోనీలే అంటానే అరవై ఏండ్లు వచ్చె!"

మారప్ప చీర సంచిలో పెట్టుకుని తల వంచుకుని వెళ్ళిపోయాడు. సాయిసుధ స్తంభానికి ఆనుకుని కళ్ళు తుడుచుకుంది. రాట్నం దగ్గర అమృత చక్రం మీద చెయ్యి పెట్టి కూర్చుండిపోయింది. ఇంత మాట ఎదురుగా నిలబడి అనగలగడం ఎట్లా వస్తుందో ఆమెకు అర్థం కాలేదు. అక్క అప్పుడు గోడమీది ఐదుగురి కంటే కూడా ఎత్తుగా కనబడింది.

ముక్కు ఎగబీల్చి, సాయిసుధ లోపలికి పోతూ పోతూ అంది: "మా అమ్మ ఫోను ఒకసారి చూడమ్మీ. అమెరికా ఆన్‌లోనే ఉండాదా?"

అమృత లేచిపోయి చూసింది. ఉంది.

*

మంగళవారం చార్టులు వచ్చాయి. ఆ రోజే అమృత ఊరికి పోవాలి. మూడు గంటల బస్సు. ఆమె బట్టల సంచి సాయిసుధ గదిలోనే ఉంది. సరస్వతమ్మ చెల్లెలికి పంపించడానికి కారప్పూస పొట్లం కడుతోంది.

అమెరికా చార్టులో మనోళ్ళ పాట లేదు. పై వరుసల్లో లేదు, కింది వరుసల్లో లేదు, కింద నుంచి పైకి చూసినా లేదు. కాసేపటికి అశోక్ కాల్ చేశాడు.

"తీసేసినారంట. యాప్ పెట్టి ఆడించినవన్నీ కనిపెట్టి సున్నా చేసినారంట. మన మూడు ఊళ్ళవీ పోయె. జపాన్ అనింటే ఇట్ల అయ్యేది కాదు. నేను చెప్తే వింటిరా?"

"నోరు ముయ్యిరా!" సాయిసుధ ఫోను మంచం మీదికి విసిరి బయటికొచ్చి, కుండలో నీళ్ళు ముంచుకుని తాగకుండానే చెంబు పెట్టేసింది.

అమృత రాట్నం దగ్గరే ఉంది. పగిలిన అద్దం మీద వేలు నిదానంగా జరుపుతూ మన దేశం చార్టు వెతుక్కుంది. పెళ్ళి పాటలు, సినిమా పాటలు, ఎన్నో దాటింది. అడుగు దాకా పోయింది. అన్నిటికంటే ఆఖరున, పగులుగీత పక్కన, ఐదుగురి చిన్న బొమ్మ. మళ్ళీ చూసింది. వాళ్ళే. ఇంతకుముందు వాళ్ళు ఈ చార్టులో ఎప్పుడూ లేరు.

"అవ్వా," అంది. "వచ్చినారవ్వా."

"ఎవురే?" అంటూ అవ్వ వాకిలి వైపు చూసింది.

అమృత లేచి ఫోను రెండు చేతులా పట్టుకుని సాయిసుధ దగ్గరికి పోయింది. "అక్కా, మన దేశందాంట్లో ఉండారు. చివర్న. చూడు."

సాయిసుధ వంగి చూసింది. ఆమె మొహంలో ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది. "దాన్నెవురు చూస్తారు," అంది.

అప్పుడే లోపల ఫోను మోగింది. బెంగళూరు నుంచి బ్యానరు నమూనా వచ్చింది. సాయిసుధ ఫోను తెచ్చి చూస్తుంటే అమృత ఆమె భుజం పక్కనుంచి చూసింది. పైన ఐదుగురి బొమ్మ. దాని కింద 'అమెరికా టీమ్: ధర్మవరం, పెనుకొండ, హిందూపురం' అని. కింద పేర్లు. సాయిసుధ. ఎస్తేరు. అశోక్. బుక్కపట్నం పిల్ల. లేపాక్షి పిల్ల. ఎప్పుడూ కాల్‌లోకి కూడా రాని ఎవరెవరో. అమృత ఒకసారి చదివింది. పైనుంచి కింది దాకా మళ్ళీ చదివింది.

"నా పేరు లేదు కదక్కా."

"అమెరికా టీమ్ పేర్లే అడిగినారమ్మీ. నువ్వు ఈడ ఆడిస్తివి కదా."

"మీవి... తీసేసినారు కదా?"

"తీసేసినా కష్టపడితిమి కదా."

"నేనూ..." అంది అమృత. మాట అక్కడ ఇరుక్కుంది. ఆమెకు ఏడుపు రాలేదు. అనెయ్యాలనిపించింది. మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడులో ఎవరికీ వినపడదులే అనుకుని అంది. కానీ గొంతు తనకు తెలియకుండానే పెద్దదై బయటికొచ్చింది.

"మరి ఆ పొద్దు మారప్ప మామను ఎందుకు తిడితివక్కా? మనం చేసిందీ అదే కదా. ఈడ విన్నదానికి అమెరికా పేరు పెడితిమి."

మగ్గం ఆగింది. రంగప్ప ఇటు తిరగలేదు. నాడె చేతిలో పట్టుకుని, ఎదురుగా ఉన్న పడుగుపోగుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

సాయిసుధ మొహం ఎర్రబడింది. "నోరు కూడా ఉండాదే నీకు," అంది చివరికి. "నా ఫోను నాకియ్యి."

అమృత ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు పాట నడుస్తూనే ఉంది, సాయిసుధ దాన్ని సగంలో ఆపేసి గదిలోకి పోయింది. తలుపు తోసింది గానీ అది పూర్తిగా పడలేదు, ఓరగా నిలిచింది.

"పెద్దనాయనా," అంది అమృత.

"మీయక్క కష్టం మీయక్కది పాపా," అన్నాడు రంగప్ప, అటు తిరిగే. "నువ్వు అనల్సింది కాదు." కొంచెం ఆగి, "అబద్ధమని కాదు," అన్నాడు. మగ్గం మళ్ళీ కదిలింది, కాని అడుగు తప్పి ఆగింది. వంగి పోగు సరిచేసుకున్నాడు.

సరస్వతమ్మ పొట్లం తెచ్చి అమృత చేతిలో పెట్టింది. "బస్సుకు పొద్దవుతాది. నీ సంచి యాడుండాది?"

"లోపల."

"పోయి తెచ్చుకో మరి. ఏమనదులే."

అమృత గది వైపు నడిచింది. రంగప్ప మగ్గం ఇంకా అందుకోలేదు. ఇంట్లో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో తలుపు సందులోంచి పాట వినబడింది. మనోళ్ళ పాటే. డబ్బాలో కందిరీగ దూరినట్టు జీరగా మోగుతోంది. కొత్త ఫోనులో ఎప్పుడూ అట్లా మోగదు.

ఆమె తలుపు దగ్గర ఆగింది. సాయిసుధ మంచం అంచున కూర్చుని ఉంది. కొత్త ఫోను పరుపు మీద బోర్లా పడి ఉంది. పాత ఫోను ఆమె మోకాళ్ళ మీద ఉంది, పగిలిన అద్దం వైపే చూస్తోంది. పాట పూర్తయింది. సాయిసుధ ముక్కు తుడుచుకుని, వేలితో పగుళ్ళ మీద వెతికి, రాములవారి కీర్తన పెట్టింది. అది కూడా సగంలో ఆపలేదు. పూర్తయ్యేదాకా కూర్చుంది. మళ్ళీ మనోళ్ళ పాట పెట్టింది.

అప్పుడు తల ఎత్తి, సందులో అమృతను చూసింది.

సాయిసుధ లేచి, మూలనున్న బట్టల సంచి తీసి గడప అవతల పెట్టింది. ఒక్క క్షణం తలుపు రెక్క మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది, చూపు మాత్రం సంచి మీదే. తర్వాత తలుపు మూసి లోపల గడియ వేసుకుంది.